పెదవులు మాత్రమే కదిలిన వాక్యం

తన ప్రార్థన అలవాటుగా నడిచిపోతోందని నా దగ్గరకు వచ్చిన మా సంఘపు సోదరి ఒకరి కేసు ఇది. దీన్ని రాయడానికి ఆమె అనుమతి ఇచ్చారు. రాసిన తరువాత మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ఊరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆమె కోరిక మీద రెండు వాక్యాలు తీసేశాను, ఒకటి చేర్చాను. సంఘ కాపరిగా ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చిన వారిలో నన్ను ఎక్కువగా సరిదిద్దింది ఈమే. తోటి కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలు నడిపే అక్కలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్టణం. 1842లో గుంటూరుకు మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ వచ్చిన నాటి నుంచి ఈ ప్రాంతంలో వేళ్లూనుకున్న, సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే లూథరన్ సంప్రదాయమే మాదీ. ఆమె ముత్తాత కాలం నుంచి వాళ్లది క్రైస్తవ కుటుంబం. వయసు యాభై నాలుగు. భర్త చిన్న ఉద్యోగం చేసి విరమించారు. కూతురికి పెళ్లయింది. కొడుకు ఎనిమిదేళ్ల కిందట, ఇరవై ఒకటో ఏట, జ్వరంతో ఆసుపత్రిలో చేరిన ఆరో రోజున చనిపోయాడు.

తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా అది ఆగదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన రేకు డబ్బాలో వేస్తారు. శనివారం సాయంత్రం ఆ డబ్బా గుడికి వస్తుంది. మా సంఘంలో పిడికెడు బియ్యం కానుక ఇప్పటికీ నిలిచి ఉందంటే అది ఆమె చలవే. పదకొండేళ్లుగా స్త్రీల సమాజం కార్యదర్శి. ఎవరింట్లో కూడిక పెట్టినా ప్రార్థనకు ముందు ఆమెనే అడుగుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘ఆచారపు క్రైస్తవులు’ అనే మాట వినగానే మన కళ్ల ముందుకు క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి మాత్రమే గుడికి వచ్చేవాళ్లు కనిపిస్తారు. ఈమె అలాంటి మనిషి కాదు. సంఘం అంతా భక్తికి కొలబద్దగా చూపించే మనిషి.

ఆమె వచ్చిన సమస్య

ఒక బుధవారం ఫోను చేసి, “అయ్యగారూ, అమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి రావచ్చా?” అని అడిగారు. స్త్రీలతో మాట్లాడేటప్పుడు నా భార్య పక్కన ఉండడం మా ఇంట్లో నియమం. ఆ సాయంత్రమే వచ్చారు.

కూతురు రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వెంట ఐదేళ్ల మనవరాలు. ఆ పాప ఒక రోజు మూడు బొమ్మలను, ఒక స్టీలు గ్లాసును వరుసగా కూర్చోబెట్టి, తల మీద తువ్వాలు కప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అమ్మమ్మ రోజూ చేసే ప్రార్థనే. “పరిశుద్ధుడవైన తండ్రీ, గడచిన రాత్రియంతయు మమ్మును కాచి కాపాడి” అని మొదలుపెట్టి చివర ఆమేన్ వరకు ఒక్క మాట తప్పలేదు. అమ్మమ్మ ఎక్కడ “అయ్యా, తండ్రీ” అని నిట్టూరుస్తారో అక్కడే నిట్టూర్చింది. ఎక్కడ గొంతు సవరించుకుంటారో అక్కడే సవరించుకుంది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. కూతురు ఫోనులో వీడియో తీసింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆమె ఒక్కరే ఆ వీడియో మళ్లీ మళ్లీ విన్నారట.

“అందులో ఒక్క తప్పు లేదు అయ్యగారూ. పాపకు ఆ మాటలకు అర్థం తెలియదు. నాకు తెలుసు. కానీ చెప్పేటప్పుడు ఇద్దరం ఒకేలా చెబుతున్నాం. నా ప్రార్థన నేను లేకపోయినా నడిచిపోతుంది.”

ఏడవలేదు. చాలా తేటగా, లెక్క అప్పగించినట్టు చెప్పారు. ఆ తేటతనాన్ని నేను అప్పుడే గమనించి ఉండవలసింది.

మొదటి ప్రయత్నం

నా ఊహ ఇలా సాగింది. తరతరాల క్రైస్తవ కుటుంబం, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాటలు. అలవాటు ఎక్కువై రుచి పోయింది. ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి చెప్పిన నులివెచ్చని స్థితి ఇదే. మందు తెలిసిందే: వాక్యాన్ని కొత్తగా, లోతుగా చదివించాలి, ఉపవాసం ఉంచాలి.

ఒక్క సంవత్సరంలో బైబిలు మొత్తం చదివే పట్టిక ఇచ్చాను. 1,189 అధ్యాయాలు, రోజుకు మూడుకు కొంచెం ఎక్కువ. శుక్రవారం ఉపవాసం. చదివిన ప్రతి రోజూ తనకు తోచింది నాలుగు వరుసలు రాయమన్నాను.

ఆరు వారాల తరువాత నోటుపుస్తకం తెచ్చారు. ఒక్క రోజు కూడా తప్పలేదు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ప్రతి పేజీలో నాలుగే వరుసలు. వాటిలో సగం నా ప్రసంగాల్లో నేను వాడే వాక్యాలే. పుస్తకం మూసి ఆమె ముఖం చూశాను. “ఇది కూడా నడిచిపోతోంది అయ్యగారూ,” అన్నారు.

క్రమశిక్షణలో ఆరితేరిన మనిషికి ఇంకొంచెం క్రమశిక్షణను మందుగా ఇచ్చాను. ఆమె దాన్నీ అవలీలగా మోసేశారు. రోగం ఏ అవయవంలో ఉందో తెలుసుకోకుండానే చీటీ రాసిన వైద్యుడి పని చేశాను.

రెండో ప్రయత్నం

ఆ నెలలోనే మా పట్టణంలో మూడు రాత్రులు, చల్లబడిన భక్తిని మళ్లీ రగిలించే ఉజ్జీవ సభలు జరిగాయి. వెళ్లమన్నాను. క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మూడో రాత్రి హృదయం అప్పగించేవారు చేతులెత్తమని బోధకుడు పిలిచినప్పుడు ఆమె చెయ్యి ఎత్తారు. ఎందుకు ఎత్తారని తరువాత అడిగితే, “స్త్రీల సమాజం కార్యదర్శి చెయ్యి ఎత్తకపోతే మిగతావాళ్లు ఏమనుకుంటారు?” అన్నారు. ఆ సభల్లో మేలు పొందినవాళ్లను నేను ఎరుగుదును. కానీ వందల మంది చూస్తుండగా తన మనసు విప్పడం ఈమెకు సాధ్యం కాదని నాకు ముందే తెలియాలి. పదకొండేళ్లుగా ఆమె బతికింది అందరి కళ్ల ముందే కదా.

మూడో ప్రయత్నం, నేను చేసిన గాయం

అప్పుడు ఇంకో వైపు ఆలోచించాను. పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరంగా ఉంచుకున్న ప్రజల గురించి యెషయా 29:13లో దేవుడు మాట్లాడతాడు. మత్తయి 15లో యేసు ఆ మాటనే మళ్లీ ఎత్తి చెబుతాడు. అయితే పెదవుల పనిని కొన్నాళ్లు ఆపితే హృదయం బయటికి వస్తుందేమో అనుకున్నాను. మూడు నెలలు కార్యదర్శి బాధ్యత వేరొకరికి అప్పగించమని, బహిరంగంగా ప్రార్థన చేయవద్దని, ఉదయపు కుటుంబ ప్రార్థన కూడా భర్తకు వదిలేయమని చెప్పాను.

రెండో ఆదివారమే ఆమె గుడికి రాలేదు. నాకు తెలిసినంతవరకు ఎన్నో ఏళ్లలో అదే మొదటిసారి. స్త్రీల సమాజంలో గుసగుసలు: లెక్కల్లో ఏదో తేడా వచ్చి తీసేశారట అని. ఆమె భర్త ఫోను చేశారు. ఆ గొంతులో కోపం ఉంది, భయమూ ఉంది. “అయ్యగారూ, ఆమెకు మిగిలిందే అది. అది కూడా తీసేసుకుంటే ఎలా?”

ఆ రాత్రి నాకు, తరువాత మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ గుర్తొచ్చాడు. 1738 మార్చిలో, అప్పటికే అభిషిక్త గురువుగా ఉన్న వెస్లీ, తనలో నిజమైన విశ్వాసం లేదని తెలుసుకుని, ప్రసంగించడం మానేయనా అని మొరేవియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సోదరుడు పీటర్ బోలర్‌ను అడిగాడు. వద్దన్నాడు బోలర్. విశ్వాసం దొరికే వరకు విశ్వాసాన్నే ప్రకటించు, దొరికాక అది ఉంది కాబట్టి ప్రకటిస్తావు అని సలహా ఇచ్చాడు. ఆ మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా వెస్లీ హృదయం వింతగా వెచ్చబడింది. ఆయన చేస్తున్న పని ఆపి ఉంటే ఆ సాయంత్రం ఆ గదిలో ఉండేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం బోలర్ ఇచ్చిన సలహాకు సరిగ్గా ఎదురు సలహా ఇచ్చాను.

ఖాళీగా ఉందని పాత్రను పగలగొట్టకూడదు. నీళ్లు దొరికాక పట్టుకోవడానికి అదే కావాలి.

అసలు ప్రశ్న

మరుసటి సాయంత్రం నేను, నా భార్య వాళ్లింటికి వెళ్లాం. క్షమాపణ చెప్పాను. బాధ్యతలు తిరిగి తీసుకోమన్నాను. ఆమె టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడలేదు. నాకూ మాటలు లేవు. అప్పుడు నా భార్య అడిగింది: “ఎప్పటి నుంచి ఇలా ఉంది అక్కా?”

నాలుగు నెలలుగా నేను అడగని ప్రశ్న అది. ఎందుకు, ఎలా, ఎంత అని అడిగాను కానీ ఎప్పుడు అని అడగలేదు. మెల్లగా, తేదీ లేకుండా వచ్చే పొడితనంగానే దాన్ని చూశాను.

ఆమె లోపలికి వెళ్లి పాత బైబిలు తెచ్చారు. నల్ల అట్ట అంచులు చిరిగి, వెన్ను మీద గుడ్డ అంటించి ఉంది. చదివిన ప్రతి అధ్యాయం పక్కన తేదీ వేయడం ఆమె అలవాటు. ఆదికాండం నుంచి తిప్పుతూ పోయాను. పాత తేదీల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న మాటలు: ‘ఈ రోజు నాకే’, ‘విన్నాడు’, ‘అర్థం కాలేదు, అడగాలి’, ‘పరీక్ష పాసయ్యాడు’. తరువాతి తేదీలు నీలం బాల్‌పెన్నుతో. వాటి పక్కన ఒక్క మాట లేదు. తేదీలు మాత్రమే, హాజరు పట్టీలాగా.

పెన్సిలు ఆగిపోయిన పేజీ 91వ కీర్తన. ఏ తెగులూ నీ గుడారం దరికి రాదని చెప్పే కీర్తన. దాని పక్కన కొడుకు ముద్దుపేరు, కింద ‘ఇది మా కోసమే’. ఆసుపత్రిలో రెండో రోజు రాసింది. ఆ ఆరు రోజులూ గుడిలో ఒకరి తరువాత ఒకరు ఆపకుండా చేసే గొలుసు ప్రార్థన జరిగింది. ఆమె మంచం పక్కన కూర్చుని ఆ కీర్తనే చదువుతూ ఉన్నారు.

“ఇంకొకటి ఉంది అయ్యగారూ,” అన్నారు. “ఆదివారం అందరం కలిసి ప్రభువు ప్రార్థన చెబుతాం కదా. ‘నీ చిత్తము నెరవేరును గాక’ దగ్గరకు వచ్చేసరికి నేను గొంతు తెరవను. పెదవులు కదిలిస్తాను, అంతే. ఎనిమిదేళ్లుగా.”

సమాధి చేసిన మూడో రోజు ఆదరణ కూడికలో ఆమె చేత సాక్ష్యం చెప్పించారు. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను అని, పిల్లలను పోగొట్టుకున్న యోబు మాట చెప్పి, కీర్తన పాడారట. ఒక్క కన్నీటి బొట్టు లేదు. ఎంత విశ్వాసమో అని సంఘం కొనియాడింది. నిరీక్షణ లేనివారిలా ఏడవకూడదని పెద్దలు చెప్పారు. అప్పుడు నేను ఆ సంఘానికి రాలేదు. కానీ వచ్చిన మొదటి ఏడాది ఒక యువకుడి సమాధి కూడికలో ఆమె పేరెత్తి, ఈ తల్లిని చూసి నేర్చుకోండి అని నేనూ చెప్పాను. ఆమె ఆ వరుసలోనే కూర్చుని ఉన్నారు. “ఆ రోజే అనుకున్నాను, ఇక ఈ సంగతి మీకు కూడా చెప్పడానికి లేదని,” అన్నారు.

కేసు మొత్తం అక్కడ తలకిందులైంది. నేను వెతికింది అలవాటు వల్ల వచ్చిన మొద్దుబారడం కోసం. ఉన్నది పైకి మానినట్టు కనిపించే గాయం. దేవుడితో ఒక మాట చెప్పలేక, ఆ మాట చుట్టూ మిగతా మాటలన్నింటినీ గోడలా పేర్చుకున్నారు. గోడ చెక్కు చెదరకుండా ఉండాలంటే రోజూ ఒకేలా కట్టాలి. అందుకే ఆ ప్రార్థన అంత నిర్దుష్టంగా ఉంది.

పెదవులు కదిలి గొంతు వినిపించని స్త్రీ బైబిల్లో ఇంకొకరు ఉన్నారు. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలో, బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన హన్నా. ఆమెను చూసి యాజకుడైన ఏలీ మత్తులో ఉందనుకున్నాడు. అప్పుడామె, నా ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నాను అని చెప్పవలసి వచ్చింది. కదిలే పెదవులను చూసి నాకు యెషయా మాట గుర్తొచ్చింది కానీ హన్నా గుర్తు రాలేదు. ఏలీ పొరపాటే నాదీ. ఆమె ఆరాధన అంతటిలో అబద్ధం లేని చోటు ఏదైనా ఉందంటే, అది గొంతు తెరవని ఆ ఒక్క వాక్యమే. ఆ మాటే ఆమెకు చెప్పాను. మొదటిసారి తల దించుకుని ఏడ్చారు.

నిద్ర గురించి, ఆకలి గురించి, చనిపోవాలనే ఆలోచనలు ఉన్నాయా అనే దాని గురించి ఆ రోజే అడిగాను. నిజానికి మొదటి రోజే అడగాలి. అలాంటి ఆలోచనలు లేవు. కానీ ఏళ్ల తరబడి రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేస్తోంది. వైద్యుడి దగ్గరకు పంపాం. ఆయన కొన్నాళ్లు మందు వాడమన్నారు. ఆమె వాడారు. ప్రార్థన ఉండగా మందెందుకు అని అడ్డుపడే కాపరులను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

పనిచేసింది

గురువారం మధ్యాహ్నాలు, గుడి పక్క గదిలో, మేం ముగ్గురం. ఏడు వారాలు. ముందు వాక్యం, ఎందుకంటే ఏడవడానికి ఆమెకు దేవుడి అనుమతి కావలసి వచ్చింది. మొదటి థెస్సలొనీక 4:13 కలిసి చదివాం. దుఃఖపడవద్దని పౌలు అక్కడ అనలేదు. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు. జబ్బుపడిన తన జతపనివాడు ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని ఫిలిప్పీయులకు రాసింది కూడా ఆ పౌలే. 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా చనిపోయినప్పుడు లూథర్ ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అంత మంచి ముగింపుకు తానూ తన భార్యా ఆనందంగా కృతజ్ఞతలు చెప్పాలి, కానీ ఏడవకుండా అది తమ వల్ల కావడం లేదని. ఇది వినగానే ఆమె, “ఆయన కూడానా?” అని అడిగి, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. తాతల కాలం నుంచి ఆ పేరు మీద నిలబడిన సంఘంలో పెరిగిన మనిషి. ఆయన ఏడ్చాడని ఎవరూ చెప్పలేదు.

యోహాను 11 చదివినప్పుడు ఆమే ఒక సంగతి పట్టుకున్నారు. తమ్ముడు లాజరు చనిపోయాక మార్త, మరియ ఇద్దరూ వేర్వేరుగా వచ్చి యేసుతో ఒకే మాట అంటారు: నీవు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని. అంటే ఆ నాలుగు రోజులూ ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఆ మాటే అనుకుని ఉంటారు, అన్నారామె. యేసు వాళ్లను గద్దించలేదని, కన్నీళ్లు విడిచాడని నేను చెప్పే అవసరం రాలేదు.

తరువాత నేను మళ్లీ ఒక పొరపాటు చేశాను. మీ మాటల్లో ఒక ప్రార్థన రాసుకు రండి అన్నాను. అందమైన ప్రార్థన రాసుకొచ్చారు: ‘సర్వశక్తిగల దేవా, నీ మార్గములు మా మార్గముల వంటివి కావు...’ వినసొంపుగా ఉంది. అందులో ఆమె లేరు.

ఇక్కడ మన భాష గురించి కాస్త చెప్పాలి. మన ప్రార్థన భాష మన బైబిలు భాష. ‘వచ్చియున్నాము’, ‘దయచేయుము’, ‘నీ పాదసన్నిధి’ అనే మాటలు మన అమ్మమ్మల నోటి నుంచి వచ్చాయి. వాటిని నేను తక్కువ చేయను. అక్షరం రాని కూలీ తల్లులు ఆ గ్రాంథికంలో కన్నీళ్లతో ప్రార్థించడం విన్నాను, అంతకన్నా నిజమైన ప్రార్థన ఉంటుందని అనుకోను. కానీ ఆ భాష వెనుక దాక్కోవడం కూడా తేలికే. కూరలో ఉప్పెక్కువైందని భర్తతో చెప్పే భాష ఒకటి, దేవుడితో మాట్లాడే భాష ఒకటి అయినప్పుడు, కోపం, అలక, నిష్ఠూరం మొదటి దాంట్లోనే ఉండిపోతాయి. రెండో దాంట్లో వాటికి మాటలే ఉండవు. ఈమె దుఃఖానికి ప్రార్థన భాషలో చోటు దొరకలేదు.

అందుకే ఐదో వారం అడిగాను: “మీ అమ్మగారు బతికి ఉంటే ఈ సంగతి ఆమెతో ఎలా చెప్పేవారు? ఆ మాటల్లో చెప్పండి. రాయవద్దు.”

ఆమె కొంగు తల మీదకు లాక్కుని కళ్లు మూసుకున్నారు. ‘పరిశుద్ధుడవైన’ అని మొదలుపెట్టి ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. సహాయంగా నేనొక వాక్యం అందిద్దామనుకుంటే నా భార్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. గోడ గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి. అప్పుడు రెండు మాటలు వచ్చాయి.

“నువ్వు రాలేదు.”

యాభై ఏళ్లుగా ‘నీవు’ అని పిలిచిన దేవుడిని మొదటిసారి ‘నువ్వు’ అన్నారు. ఆ తరువాత చాలాసేపు ఏడ్చారు. నేను జవాబు చెప్పలేదు. దేవుడి పక్షాన వాదించాలని నోటి దాకా వచ్చింది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంత వరకు మంచి స్నేహితులుగానే ఉన్నారు. తప్పు వాళ్లు నోరు తెరిచాక జరిగింది. చివరి అధ్యాయంలో దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు. దేవుడిని సమర్థించినవాళ్లతో అంటాడు ఆ మాట. ఆ రోజు 88వ కీర్తన చదివి, చీకటి అనే మాటతో ముగిసే ఆ కీర్తనకు నేనేమీ కలపకుండా ఆమేన్ అని ముగించాను.

ఐదు గంటల ప్రార్థన మాన్పించలేదు. పాత ప్రార్థనే పూర్తిగా చెప్పి, ఆమేన్‌కు ముందు ఇంటి మాటల్లో ఒక్క వాక్యం చేర్చమన్నాను. నిజమైన వాక్యం. దొరకని రోజున ఊరికే ఉండమన్నాను. పాత మాటలు మోసుకెళ్లి తలుపు దాకా చేరుస్తాయి, తట్టవలసింది మాత్రం మనమే అని నా ఆలోచన.

ఆమె భర్త మొదట ఒప్పుకోలేదు. “దేవుడిని అలా నిలదీయవచ్చా?” అని నన్నే అడిగారు. ఒక ఉదయం ఆమె వాక్యం విని మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయారట. దాదాపు నెల తరువాత, ఒక తెల్లవారుజామున ఆమె ముగించాక ఆయన కొడుకు పేరు ఒక్కటే పలికారు. ఎనిమిదేళ్లలో ఆ ఇంటి ప్రార్థనలో ఆ పేరు వినబడటం అదే మొదలు.

ఇప్పటి స్థితి

అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. నవంబరు 2న సమాధుల తోటకు సున్నం, పూలు, కొవ్వొత్తులు తీసుకుని ఏటా వెళ్లేవారు, చకచకా పని ముగించుకుని వచ్చేవారు. ఆ ఏడాది అక్కడే కూలబడిపోయారు. తరువాత రెండు వారాలు ప్రార్థన లేదు, మాట లేదు. మళ్లీ వచ్చి మాతో కూర్చున్నారు. ఏడు వారాలతో ముగిసిందనుకున్న పని ఏడాదిన్నర సాగింది.

ఫిర్యాదు చేయడమే విశ్వాసమని నేను అనడం లేదు. అక్కడే ఆగిపోయినవాళ్లనూ చూశాను. మార్త ఆ నిష్ఠూరం పలికిన మరుక్షణమే, ఇప్పుడైనా నీవు దేవుణ్ణి ఏమడిగినా ఇస్తాడని తెలుసు అంటుంది. ఈమె ఆ రెండో వాక్యానికి చేరడానికి చాలా కాలం పట్టింది. ఒక సంస్కారపు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుని వెళ్లి, ఆరాధన ముగిశాక వెస్ట్రీ (గుడిలో కాపరి గది) గుమ్మం దగ్గర నిలబడ్డారు. “ఆయన రాలేదనుకున్నాను అయ్యగారూ. ఆ ఆరు రోజులూ అక్కడే ఉన్నాడేమో అనిపిస్తోంది. ‘ఏమో’ అనే అంటున్నాను.” మూడో రోజు ఆదరణ కూడికలో ఆమె చెప్పిన సాక్ష్యం కన్నా ఈ ‘ఏమో’ మీద నాకు ఎక్కువ నమ్మకం.

‘నీ చిత్తము’ అనే వాక్యాన్ని ఇప్పుడు కొన్ని ఆదివారాలు గొంతెత్తి పలుకుతున్నారు. కొన్ని ఆదివారాలు పలకడం లేదు. నేను గమనిస్తున్నానని ఆమెకు తెలుసు. అడగను.

నా పనిలో కొన్ని మారాయి. ఆదరణ కూడికల్లో ఇంటివాళ్ల చేత సాక్ష్యం చెప్పించడం మానేశాను. తామే చెబుతామంటే వింటాను. దుఃఖంలో ఉన్నవారిని ప్రసంగంలో మాదిరిగా చూపించను, ఎందుకంటే ఆ పొగడ్త వాళ్ల నోటికి తాళం వేస్తుంది. ప్రార్థన చప్పగా ఉందని ఎవరైనా వస్తే, పుస్తకం గాని పట్టిక గాని ఇచ్చే ముందు, ఎప్పటి నుంచి అని అడుగుతాను. చాలామంది ముందు తెలియదంటారు. కాసేపు ఆగితే ఒక నెల, ఒక ఊరు, ఒక మనిషి పేరు బయటికి వస్తుంది. అలా ఏమీ రానివారూ ఉంటారు. వారికి నిజంగా అలవాటే కారణం, వారికి ఆ బైబిలు పట్టిక చాలా మేలు చేసింది. కాబట్టి పట్టికను పారేయలేదు.

కార్యదర్శి పదవిని ఆమె తిరిగి తీసుకోలేదు. పిడికెడు బియ్యం పని మాత్రం ఆమెదే. ఆ బియ్యాన్ని వేలం వేసి డబ్బు జమ కట్టడం మా పాత పద్ధతి. ఇప్పుడు కొంత భాగం పక్కన పెడుతున్నారు. చావు జరిగిన ఇంటికి, జనం రావడం ఆగిపోయిన రెండో నెలలో, ఆమె ఆ బియ్యం తీసుకుని వెళతారు. వాళ్ల వంటింట్లోనే అన్నం వండి, వాళ్లతో కలిసి తిని వస్తారు. అడిగితేనే ప్రార్థన చేస్తారు.

ఆమె చేర్చమన్న వాక్యం ఇది: 91వ కీర్తన పక్కన, ‘ఇది మా కోసమే’ అన్న పాత పెన్సిలు రాత కింద, పోయిన నెల తేదీ వేసి, మళ్లీ పెన్సిలుతోనే, ‘అడుగుతున్నాను’ అని రాసుకున్నాను.